బొమ్మల కొలువులో వంతెన

కమలకుమారి రిటైరైన రోజున తోటి ఉద్యోగులు ఆమెకు శాలువా కప్పి, ఒక గోడగడియారం బహుకరించారు. ఆ సాయంత్రమే ఆమె దాన్ని వంటింటి గట్టు మీద బోర్లించి విప్పేసింది.

"కొత్తదే కదా, అప్పుడే పాడైందా?" అని భర్త అచ్యుతరావు అడిగాడు.

"పాడవలేదండీ. లోపల ఏముందో చూస్తున్నా" అంది.

రైల్వే సిగ్నళ్ళ వర్క్‌షాపులో ఉద్యోగకాలమంతా రిలేలు విప్పుతూ బిగిస్తూ గడిపిన మనిషి. ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోమని అందరూ చెప్పారు కానీ, ఆ మాట ఆమె చేతులకు ఎవరూ చెప్పలేదు. రిటైరైన ఏడాది తిరక్కుండానే ఇంట్లోని యంత్రాలన్నీ పాత వృత్తులు మానేసి కొత్త వృత్తుల్లో కుదురుకున్నాయి. పాత ప్రింటరు లోపలి కడ్డీలు బొమ్మరైలుకు పట్టాలయ్యాయి. మైక్రోవేవ్‌లో పళ్ళెం తిప్పే మోటారు పూజగదిలో ప్రసాదాల పళ్ళెం తిప్పుతోంది. వాన చినుకు పడగానే ఉతికిన బట్టలను వరండాలోకి దానంతట అదే లాక్కొచ్చే దండెం ఒకటి తయారుచేసింది. అది చాలా చురుకైన దండెం. తడి బట్టల నుంచి కారిన బొట్టును కూడా వానే అనుకునేది. చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు చీర లోపలికొచ్చేసేది. దాన్ని పీకి అవతల పెట్టేదాకా ఆ ఇంట్లో బట్టలకు ఎండ తగల్లేదు.

అచ్యుతరావు హబ్సీగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేశాడు. భూమి పొరల్లో ఎంత లోతున ఏ రాయి ఉందో అడిగితే కళ్ళు మూసుకుని చెబుతాడు. మిక్సీ ఎక్కడుందో మాత్రం భార్యని అడగాల్సిందే.

"కమలా, మిక్సీ ఏదీ?"

"మెట్రో కింద ఉందండీ."

మెట్రో అంటే బొమ్మల కొలువులో మెట్రో. దసరాకు కొలువు పెట్టడం కమలకుమారికి తెనాలి నుంచి వచ్చిన అలవాటు. పై మెట్టు మీద దశావతారాలు, ఆ కింద రాజూరాణీ, పెళ్ళిబృందం, శెట్టిగారి కొట్టు. ఆమె తల్లి పెట్టిన కొలువూ అదే, అమ్మమ్మ పెట్టిన కొలువూ అదే. రిటైరయ్యాక మాత్రం దేవుళ్ళను పై మెట్టుకే పరిమితం చేసి, కింది మెట్లన్నీ తాముండే ఉప్పల్‌కు కేటాయించింది. ఈ ఏడు హాలంతా ఉప్పలే. చీపురుపుల్లలతో రామంతాపూర్ టీవీ టవరు లేచింది. స్టేడియంలో లైట్లు వెలిగాయి. రింగురోడ్డు మధ్యలో నిలబడ్డ కానిస్టేబుల్ బొమ్మ చెయ్యి ఎత్తుతుంది, దించుతుంది, ఎవరూ పట్టించుకోరు. కొండపల్లి అంబారీ ఏనుగు ఆటోల మధ్య ఇరుక్కుని ఉంది. పక్కన ఒక ఎద్దు అడ్డంగా పడుకుంది. నిజానికి ఆ ఎద్దు లేచి నడవాలి. మోటారు పట్టేసి లేవలేదు. చూడవచ్చిన వాళ్ళందరూ కొలువు మొత్తంలో సహజంగా ఉన్నది ఆ ఎద్దేనని మెచ్చుకున్నారు.

ఒక మూలన, నీలం ప్లాస్టిక్ కాగితంతో చేసిన నాలా మీద, సగం వంతెన కూడా ఉంది.

అసలు వంతెన వాళ్ళ శాంతివిహార్ కాలనీ చివర ఉంది. కాలనీకీ నాచారం పారిశ్రామికవాడకీ మధ్య మురుగునీళ్ళ నాలా. దాని మీద వంతెన కడతామని వచ్చి, ఇటు గట్టు నుంచి మొదలుపెట్టి, సరిగ్గా నడిమధ్యకు రాగానే వెళ్ళిపోయారు. చివర ఇనుపచువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. జనం కొన్నాళ్ళు తిట్టారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత ఇష్టపడ్డారు. చువ్వల మీద దుప్పట్లు ఆరేస్తారు. మధ్యాహ్నం మేకలు పడుకుంటాయి. పొద్దున వాకింగ్ చేసేవాళ్ళు చివరిదాకా వెళ్ళి చువ్వను ముట్టుకుని వెనక్కి తిరుగుతారు. వినాయకచవితికి మండపం కూడా అక్కడే, ట్రాఫిక్‌కు అడ్డం రాదు కాబట్టి. దాంతో పని పడనిది దాటాల్సిన వాళ్ళకే.

అలా దాటాల్సిన వాళ్ళలో ఉప్పలమ్మ ఒకతె. జనగామ వైపు నుంచి వచ్చి, కమలకుమారి ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుంటోంది. నాచారంలో మందుల పెట్టెలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని. ఎదురుగా కనిపిస్తున్న ఫ్యాక్టరీకి రోజూ మెయిన్‌రోడ్డు చుట్టూ తిరిగి వెళుతుంది. కొలువు చూడటానికి వచ్చిన ఉప్పలమ్మ ఆ సగం వంతెన దగ్గర వంగి చూసింది. చువ్వల అంచున టిఫిన్‌డబ్బా పట్టుకుని ఒక ఆడబొమ్మ నిలబడి ఉంది.

"అక్కా, గీమె నేనే గదా?"

"నువ్వే. చీర రంగు కుదిరిందా?"

"చీర కుదిరింది గని, గక్కడ నిలబెడితివేంది నన్ను! అవుతలికి దాటియ్యరాదూ?"

"అసలుది దాటిస్తే నేనూ దాటిస్తా" అంది కమలకుమారి. ఉప్పలమ్మ పకపకా నవ్వి, శనగలు తీసుకుని వెళ్ళింది.

ఎవరో ఆ కొలువు వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది చేతులు మారి మారి ఆ ప్రాంతపు నాయకుడి ఫోన్‌కు చేరింది. ఆయనకు ప్రస్తుతం పదవి ఉందో లేదో కాలనీలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఫ్లెక్సీల మీద మాత్రం పన్నెండు నెలలూ ఉంటాడు. మర్నాడే కాలనీ సంఘం అధ్యక్షుడు మురళీధర్ పరుగున వచ్చాడు.

"మేడమ్, మన అదృష్టం. సార్ మీ కొలువు సూడనీకి వస్తుండు!"

"రమ్మనండి. తాంబూలం ఇస్తాను."

మురళీధర్ వెళ్ళలేదు. కొలువు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలా దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు.

"గీ వంతెన జర..."

"ఏమైంది?"

"పూర్తి జేస్తే మంచిగుంటది మేడమ్. సార్ కండ్ల ముందట సగం వంతెన పెడితే ఏం బాగుంటది? పండుగ పూట."

"బయట ఉన్నది అదే కదండీ. లేనిది పెట్టి అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధం గాదు మేడమ్, ముందుచూపు" అన్నాడు మురళీధర్. "గీ దశావతారాలల్ల కల్కి ఇంకా రాలే. అయినా పెట్టిన్రు గదా?"

కమలకుమారి తలెత్తి పై మెట్టు మీది కల్కిని చూసింది. "కుదరదండీ" అని మాత్రం అంది. మురళీధర్ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చాలా మామూలుగా ఒక మాట అన్నాడు.

"పోనీలెండ్రి. గంత చిన్న బొమ్మల కదిలే వంతెన ఎవరితోని అయితది? మీతోని గూడ కాదు."

అతను తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, ఆ మాట నేరుగా ఆమె చేతులకు తగిలింది. అబద్ధం సంగతి అక్కడితో మరుగున పడింది. మిగిలింది కదిలే వంతెన ఒక్కటే. భోజనం దగ్గర కూడా వేళ్ళతో కంచం మీద లెక్కలు వేసింది. కారు వైపర్ మోటారు ఒకటి పాత సామాను డబ్బాలో దొరికింది. దానికి మీట కట్టి, అటు చివర వంతెన ఆగడానికి ఒక చిన్న స్విచ్, ఇటు నడపడానికి ఒక బటన్ పెట్టింది. బటన్ నొక్కితే దాగి ఉన్న మిగతా సగం మెల్లగా ముందుకు జరిగి అవతలి గట్టును తాకి ఆగుతుంది. దాని వెంటే ఉప్పలమ్మ బొమ్మ టిఫిన్‌డబ్బాతో సహా నాచారం చేరుతుంది. మొదటిసారి పనిచేసినప్పుడు కమలకుమారి ఒక్కతే హాల్లో చప్పట్లు కొట్టుకుంది.

వైపర్ మోటారుకు ఒక గుణం ఉంది. బటన్ వదిలేస్తే అది ఉన్నచోట ఉండదు. మొదట బయల్దేరిన చోటికి వెళ్ళి పడుకుంటుంది. అద్దాల మీద అది సుగుణం. వంతెన విషయంలో ఏమవుతుందంటే, బటన్ మీద వేలు ఉన్నంతసేపే వంతెన ఉంటుంది. వేలు తీస్తే ఉండదు. మార్చడానికి ఆమెకు టైం లేదు. ఉన్నా మార్చేది కాదేమో.

నాయకుడు మందీమార్బలంతో వచ్చాడు. హాలు ఇంచు సందు లేకుండా నిండింది. చెప్పులన్నీ గుమ్మంలో గుట్టపడి అచ్యుతరావు బయటే ఉండిపోయాడు. మురళీధర్ బొమ్మల వంతెనకు గులాబీ రంగు రిబ్బన్ కూడా కట్టించాడు. నాయకుడు దాన్ని గోళ్ళు తీసే కత్తెరతో కత్తిరించి, బటన్ నొక్కాడు. వంతెన గుర్రుమంటూ సాగి అవతలి గట్టును తాకింది. ఉప్పలమ్మ బొమ్మ దాటింది. జనం ఈలలు వేశారు. ఫోన్లన్నీ లేచాయి.

నాయకుడికి ఉత్సాహం ఆగలేదు. బటన్ మీద వేలు అలాగే ఉంచి ఉపన్యాసం అందుకున్నాడు.

"మాట ఇచ్చినం, జేసి సూపెట్టినం! ఎవరెన్ని మాట్లాడినా గీ వంతెన..."

సరిగ్గా అప్పుడే మురళీధర్ శాలువా పట్టుకొచ్చాడు. శాలువా కప్పించుకున్నవాడు దండం పెట్టాలి కదా, నాయకుడు రెండు చేతులూ జోడించాడు. వంతెన వెనక్కి బయల్దేరింది. నడిమధ్యలో ఉప్పలమ్మ బొమ్మ ఊగింది.

"పోతుంది, పోతుంది!" అని వెనక నుంచి ఎవరో కేక పెట్టారు. ఒక అనుచరుడు దూకి బటన్ నొక్కాడు. వంతెన మళ్ళీ వచ్చింది.

"గిదేంది అమ్మా, నిలబడదా?" అని నాయకుడు అడిగాడు.

"వేలు తీస్తే వెళ్ళిపోతుందండీ. మోటారు స్వభావం అంత."

"ఫికర్ లేదు. మనోళ్ళు పట్టుకుంటరు" అన్నాడాయన. ఫొటోలు అయ్యేదాకా ఆ అనుచరుడు సోఫా పక్కన గొంతుక్కూర్చుని బటన్ పట్టుకునే ఉన్నాడు. ఆ తర్వాత అతనికి కాలు తిమ్మిరెక్కి, ఇద్దరు లేపాల్సి వచ్చింది.

ఆ రాత్రి కమలకుమారి హాయిగా నిద్రపోయింది. అందరూ మెచ్చుకున్నారు మరి.

వీడియోలో వంతెన వెనక్కి వెళ్ళిన ముక్క కోసేశారు. కొలువూ, మెట్లూ, దేవుళ్ళూ కూడా కోతలో పోయారు. మిగిలింది రిబ్బన్, వంతెన, నాయకుడి గొంతు. "నాచారం నాలా వంతెన ప్రారంభం" అని పైన అక్షరాలు. రెండు రోజుల్లో రామంతాపూర్ నుంచి ఆటోలు రావడం మొదలైంది. చువ్వల దాకా వచ్చి, బ్రేకులు వేసి, దిగి, తల గోక్కుని, మేకలను లేపి, రివర్స్ చేసుకుని వెళ్ళేవి. కాలనీవాళ్ళు చాలా ఏళ్ళుగా మున్సిపల్ ఆఫీసులో ఇస్తున్న ఫిర్యాదుకు మొదటిసారి జవాబు వచ్చింది: సమస్య పరిష్కరించబడింది. కింద ఫొటో జతచేసి ఉంది.

కొలువు తీసేసే ముందురోజు సాయంత్రం ఉప్పలమ్మ వచ్చింది. ఈసారి నవ్వు లేదు. గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రా, ఏమైంది?"

"ఏమైతది అక్కా. ఆటో దొరకక జర లేటుగ పోయిన. సూపర్‌వైజర్ ఫోన్ దీసి వీడియో సూపెట్టిండు. వంతెన అయింది గదా, ఇంకా సుట్టు తిరిగి వచ్చిన అంటవేంది, అబద్ధాలు జెప్తున్నవా అన్నడు. సగం రోజు గైర్హాజరు ఏసిండు."

"అది బొమ్మ అని చెప్పలేకపోయావా?"

"జెప్పిన. అందరి ముందట మస్తు నవ్విండు." ఉప్పలమ్మ కొలువు వైపు చూసింది. "నీ బొమ్మ దాటింది అక్కా. నేను దాటలే."

ఆమె వెళ్ళాక కమలకుమారి కొలువు ముందు కూర్చుంది. మురళీధర్ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. అది రాలేదు. అతను అడిగినప్పుడు కుదరదంది. నీ వల్ల కాదన్నప్పుడు చేసిపెట్టింది. సిగ్నల్ పచ్చగా ఉంటే ముందు దారి ఖాళీగా ఉండాలి; లేకుండా పచ్చదీపం వెలిగిస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అచ్యుతరావు కాఫీ తానే కలిపి తెచ్చాడు. చక్కెర మర్చిపోయాడు. ఆమె గమనించకుండానే తాగేసింది.

మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళారు. ఆ వార్డు చూసే ఇంజనీరు దుర్గేష్ చిన్నవాడు, మర్యాదస్తుడు. కంప్యూటర్‌లో వెతికి, తెర వాళ్ళ వైపు తిప్పాడు.

"మేడమ్, కంప్లీట్ అని ఉన్నది. ఫొటో గూడ ఉన్నది, సూడండ్రి."

"బాబూ, అది మా ఇంట్లో బొమ్మ. వంతెన వెనక ఏనుగు కనిపించడం లేదూ?"

దుర్గేష్ కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు. "పైనోళ్ళు ఊరేగింపు అనుకున్నట్టున్నరు."

"ఆ ఏనుగు పక్కన ఆటో ఏనుగు కాలంత ఉంది కదా!"

"గది నేనైతే సూడలే మేడమ్" అన్నాడు నిజాయితీగా.

అయినా మర్నాడు స్వయంగా వచ్చాడు. అసలు వంతెన ఎక్కి చువ్వలు చూశాడు. ఇంటికొచ్చి, కొలువు తీసేసినా ఇంకా విప్పని బొమ్మల వంతెన చూశాడు. బటన్ నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. వచ్చిన పని మర్చిపోయి కాసేపు అదే పనిగా ఆడాడు. ఆ తర్వాత బటన్ మీద వేలు ఉంచే దిగులుగా కూర్చున్నాడు.

"కష్టం ఏందంటే, కంప్లీట్ అయిన వంతెనకు మళ్ళ మంజూరు అడగలేను. కట్టలేదు అని రాస్తే, కట్టిన్రని రాసినోళ్ళు పరేషాన్ అయితరు. ఇగ ఫైలు కదలదు."

"అయితే మేము ఎప్పటికి సుట్టే తిరగాల్నా సారూ?" అంది అతని వెంటే వచ్చిన ఉప్పలమ్మ.

దుర్గేష్ బటన్ వదిలేశాడు. వంతెన వెనక్కి వెళ్ళి, మధ్యలో ఖాళీ మిగిలింది. అతను ఆ ఖాళీ వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"కట్టనీకి రాదు గని, రిపేర్ జేయనీకి వస్తది."

"ఏం రిపేరు?" అని అచ్యుతరావు పేపరు దించి అడిగాడు.

"గుంత పడ్డది అని రాద్దాం సార్."

"వంతెన సగం లేకపోవడం గుంత ఎలా అవుతుందయ్యా?"

"మా ఫిర్యాదుల యాప్‌ల గుంత ఉన్నది, కుక్కలు ఉన్నయి, చెత్త ఉన్నది, వీధిదీపం ఉన్నది. వంతెన లేదు అనే ఆప్షన్ లేదు."

అచ్యుతరావు ఆలోచించి, ఉద్యోగమంతా భూమిలో రంధ్రాల గురించి రాసినవాడిగా ఒక సందేహం వెలిబుచ్చాడు. "లోతు ఎంతని రాస్తావు?"

"నాలా దాకా అని రాస్తా సార్. అది సత్యమే గదా."

కమలకుమారి అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టింది. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఫోన్ నుంచీ ఒక గుంత పెట్టించింది. మురళీధర్ మొదట నసిగాడు. గుంత అంటే ఎవరికీ చెడ్డపేరు రాదని, అది వానల తప్పని ఆమె సర్దిచెప్పాక అతనూ పెట్టాడు. అతని గుంతకు ఫొటో కూడా జతచేశాడు. అసలు వంతెనను అతను ఫొటో తీయడం అదే మొదటిసారి.

ఒకే వంతెన మీద అన్ని గుంతలు ఒక్కసారి పడేసరికి పై ఆఫీసు ఉలిక్కిపడింది. ఇంత పెద్ద గుంత పడేదాకా ఏం చేస్తున్నావని దుర్గేష్‌కు మెమో ఇచ్చారు. ప్రమాదకరమైన గుంత కనుక వెంటనే పూడ్చాలని ఆ మెమోలోనే ఉత్తర్వు కూడా ఉంది. దుర్గేష్ ఆ మెమోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చి చూపించాడు. తిట్లు తిన్నవాడి ముఖం కాదది.

గుంత పూడ్చడం చలికాలమంతా సాగింది. పూడ్చడానికి పిల్లర్లు లేపారు, గడ్డర్లు వేశారు, కాంక్రీటు పోశారు. రోజూ వాకింగ్ చేసేవాళ్ళు ఇక ఎక్కడ వెనక్కి తిరగాలో తెలియడం లేదని సంఘంలో అభ్యంతరం పెట్టారు. మేకలు ఏ అభ్యంతరమూ చెప్పకుండా వేరే చోటు చూసుకున్నాయి. పని పూర్తయిన రోజున నాయకుడు రాలేదు. ఒకసారి తానే ప్రారంభించిన వంతెనను మళ్ళీ తానే ప్రారంభిస్తే జనం ఏమనుకుంటారని ఆయన మొహమాటపడ్డట్టు మురళీధర్ చెప్పాడు. అందుకని ప్రారంభోత్సవం లేకుండానే, ఒక ఉదయం, అడ్డం పెట్టిన డ్రమ్ములు తీసేశారు.

ఉప్పలమ్మ ఇంట్లోంచి కమలకుమారిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఇటువైపు సగం నల్లబడి ఉంది, అటువైపు సగం తెల్లగా మెరుస్తోంది. రెండూ కలిసే చోట చిన్న ఎత్తు కూడా ఉంది. అక్కడ బండి ఎగురుతుందని, ఎప్పటికైనా నిజంగానే గుంత పడుతుందని కమలకుమారికి చూడగానే అర్థమైంది. ఆ మాట పైకి అనలేదు.

"అక్కా, జర మధ్యల నిలబడదాం" అంది ఉప్పలమ్మ.

నిలబడ్డారు. ఉప్పలమ్మ గోడ మీద చెయ్యి వేసి అటు ఫ్యాక్టరీ గేటునూ, ఇటు ఇంటినీ మార్చి మార్చి చూసుకుంది. ఏదో అనబోయింది. అంతలో గాలి తిరిగి, కింద నాలా వాసన గుప్పున మీదికొచ్చింది. ఇద్దరూ ఒకేసారి కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ, గబగబా అవతలి గట్టుకు నడిచారు.